పదిహేడో నంబరు ఎర్ర కూజా

తొకోనామె ఊళ్ళో, గొట్టాల గోడల వాలు వీధిలో, మెట్ల పక్క ఇంట్లో ఉంటున్న కునో సుమియె అనే నేను, కీర్తిశేషులు కునో మసాఓ భార్యను, ఎనభై నాలుగో ఏట నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి స్థిరంగా ఉంది. ఎవరికైనా అనుమానముంటే మరిగిన నీళ్ళు గిన్నెలో పోసి నా చేతికివ్వండి. అవి చల్లారి గ్రీన్ టీకి ఎప్పుడు సరిపోతాయో అంచు పట్టుకుని చెబుతాను. తర్వాత మీ థర్మామీటరు పెట్టి చూసుకోండి. ఎవరి బలవంతమూ, ఎవరి ప్రోద్బలమూ లేదు. నా కూతురైతే ఇప్పుడు ఇదంతా ఎందుకని వద్దనే అంది.

దస్తావేజులు రాసే నివాగారు, చేత్తో రాసిన వీలునామాకు సాక్షులు అక్కర్లేదన్నారు. నాకు కావాలన్నాను. ఇద్దర్ని పిలిపించాను. దీన్ని అమలు జరిపే బాధ్యత నివాగారికే అప్పగిస్తున్నాను. ఆయన మాట తక్కువ మనిషి. ఈ పనికి అలాంటివాళ్ళే కావాలి.

ఒకటి. ఇల్లు, దాని కింది స్థలం, వెనక పెరడు నా కూతురు రిత్సుకోకు సర్వహక్కులతో చెందుతాయి. గోడకు సిమెంటు పూయించవద్దు. ఆ గోడలో పేర్చిన మట్టి మురుగు గొట్టాలు బట్టీలో వాళ్ళ నాన్న కాల్చినవి. కింది నుంచి మూడో వరసలో ఒక గొట్టం మీద ఆయన బొటనవేలి గుర్తు ఉంది. రిత్సుకో, బస్సు నడిపే మనిషివి, ఇంటికొచ్చేసరికి నడుం పట్టేసి ఉంటుంది. పెరటి గుమ్మం దగ్గర ఎండ పడే చోట కాసేపు కూర్చో. నేను అక్కడే కూర్చునేదాన్ని.

రెండు. బాగుచెయ్యమని ఊళ్ళోవాళ్ళు నా దగ్గర వదిలి, మళ్ళీ తీసుకువెళ్ళడానికి రాని, టీ దింపే మట్టి కూజాలు పదకొండు అలమరలో ఉన్నాయి. అన్నీ బాగున్నాయి. నేను పోయాక వారంలోగా వాటిని ఇంటి ముందు మెట్ల మీద వరసగా పెట్టాలి. ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకెళ్ళవచ్చు. పట్టుకెళ్ళేవాళ్ళకు ఒక్కటే మాట చెప్పండి: సబ్బు పెట్టవద్దు.

మూడు. ఎర్ర కూజా మీద నా హక్కు గురించి.

ఇది కాస్త వివరంగా రాయక తప్పదు. హిరామత్సువారి టీ దుకాణం ఇప్పుడు నడుపుతున్న యసుహికో, ఆ కూజా తన తండ్రిదని, ముసలామె పోతే తమ ఇంటికే వస్తుందని, అద్దాల బీరువాలో లైటు వేసి పెడతానని కనీసం మూడు చోట్ల అన్నాడు. మంగలి దుకాణంలో అన్నది నా చెవినే పడింది. కాబట్టి అది నా చేతికి ఎలా వచ్చిందో రాస్తున్నాను.

మా ఊరి టీ వర్తకుల సంఘం హాలులో, వెనక వంటగదిలో, పంతొమ్మిదేళ్ళు నేను కూజాలు కడిగాను. ఏటా మే నెలలో కొత్త టీ రాగానే హాలులో రుచి పోటీ జరుగుతుంది. ఒకే టీ, ఒకే నీళ్ళు, వేరు వేరు కూజాలు. ఏ కూజా టీని ఎక్కువ తియ్యగా, మెత్తగా దింపుతుందో తేలుస్తారు. పోటీకి మూడు రోజుల ముందు వర్తకులంతా కూజాలు పంపేవారు. నేను కడిగి, ఆరబెట్టి, మూత వేరుగా పెట్టి తిరిగి వాళ్ళ ఇళ్ళకు పంపేదాన్ని. వెనక గుమ్మంలోంచి వచ్చి వెనక గుమ్మంలోంచే వెళ్ళేదాన్ని. ఏ కూజా ఎవరిదో కళ్ళు మూసుకుని పిడి పట్టుకుంటే చెప్పగలిగేదాన్ని.

సంఘం పెద్ద, యసుహికో తండ్రి హిరామత్సు గెంజిరోది చిన్న ఎర్రమట్టి కూజా. అడుగున చేసినవాడి పేరు లేదు. నలభై ఏళ్ళుగా అందులో గ్రీన్ టీ తప్ప మరొకటి పడలేదు. నూనె తగలకుండానే నూనె రాసినట్టు మెరిసేది. ఎనిమిదిసార్లు పోటీ గెలిచింది.

1985 మే నెల పోటీ రోజున, పోటీ మొదలయ్యే ముందు, నలభైమంది కూర్చుని ఉండగా, ఆయన ఆ కూజాలో వేణ్ణీళ్ళు పోశాడు. ఆవిరితోపాటు ఈతకొలను వాసన లేచింది. బ్లీచింగ్ మందు. మూత తీసి చూస్తే లోపల టీ పట్టిన నలుపంతా పోయి పచ్చి ఇటుక రంగు. పైన మెరుపు లేదు. నన్ను వంటగదిలోంచి పిలిచారు. చేతులు తుడుచుకుంటూ వచ్చాను.

"సుమియే, దీనికేం పెట్టావు?"

"వేణ్ణీళ్ళు తప్ప ఏమీ పెట్టలేదండి."

"మా ఇంట్లో దీన్ని నేను తప్ప ఎవరూ ముట్టరు. నేను కాక దీన్ని ముట్టింది నువ్వొక్కదానివే. నువ్వు కాకపోతే ఇంకెవరు?"

నేను గది చుట్టూ చూశాను. గోడ పక్కన పళ్ళెం పట్టుకుని ఆయన కొత్త కోడలు చిగుసా నిలబడి ఉంది. పెళ్ళయి నాలుగు నెలలు. ఆమె వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి, తోలు లేచి ఉన్నాయి. నీళ్ళలో నానిన చేతులు పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నదాన్ని. నీళ్ళ పని చేసిన చెయ్యేదో, మందు తిన్న చెయ్యేదో నాకు తెలుసు. ఆమె నా కళ్ళలోకి చూసి తల దించుకుంది.

నేను ఆమె పేరు చెప్పలేదు. జాలిపడి ఊరుకున్నానని నా కూతురు అనుకుంటుంది. అది నిజం కాదు. కోపంతో నాకు నోరు పెగల్లేదు, అంతే. జాలి చాలా రోజుల తర్వాత వచ్చింది.

"నలభై ఏళ్ళ మెరుపు," అన్నాడు గెంజిరో. "ఇక పూలు పెట్టుకోడానికి తప్ప దేనికీ పనికిరాదు. నువ్వే పట్టుకుపో. రేపట్నించి నువ్వూ రానక్కర్లేదు."

రెండు చేతులతో అందుకున్నాను. సంఘం కార్యదర్శి ఒగిసో పుస్తకం తెరిచి రాసుకున్నాడు: పాడైన ఎర్ర కూజా కునో సుమియెకు ఇచ్చివేయబడినది, ఆమెను పని నుండి తొలగించడమైనది. ఆ పేజీ నకలు ఈ వీలునామాకు జతపరిచాను. యసుహికో చదువుకున్నవాడే కాబట్టి చదువుకోవచ్చు.

నాలుగు. నా మరిది కునో షోహెయికి ఒక ఉత్తరం ఇస్తున్నాను. అతను రాసిందే.

నన్ను పనిలోంచి తీసేసిన మర్నాడు, నా పేరున క్షమాపణ తనే రాసి పట్టుకొచ్చాడు. అప్పటికే ఊరంతా పాకింది. నన్ను కూజాలు ముట్టుకోనివ్వవద్దని ఇళ్ళల్లో చెప్పుకుంటున్నారు.

"వదినా, ఒక్క సంతకం పెట్టు చాలు. పొరపాటైపోయిందని రాసిచ్చేస్తే పెద్దాయన మెత్తబడతాడు. మన ఇంటి పేరు నిలబడుతుంది."

"చెయ్యని తప్పుకి సంతకం పెడితే నిలబడే పేరు నాకెందుకు షోహెయీ?"

"నువ్వు చెయ్యలేదంటే ఎవరు నమ్ముతారు?"

"నువ్వు నమ్ముతావా?"

అతను వంగి చెప్పుల పట్టీ సరిచేసుకున్నాడు. చాలాసేపు సరిచేసుకున్నాడు.

ఆ క్షమాపణ పత్రం భద్రంగా దాచాను. షోహెయి చేతిరాత ఎప్పుడూ ముత్యాల్లా ఉంటుంది. కింద సంతకానికి చోటు ఖాళీగానే ఉంది. ఇష్టమైతే తన పేరు పెట్టుకోవచ్చు.

దాంతోపాటు మసాఓ గాలం కూడా షోహెయికే ఇవ్వండి. వాళ్ళ అన్నయ్య ఆసుపత్రిలో ఉన్న ఆరు వారాలూ రోజూ పొద్దున్నే ఆల్చిప్పల పులుసు కాచి, గుడ్డ చుట్టి సైకిలు మీద మోసుకొచ్చిన మనిషి అతను. అదీ నేను మర్చిపోలేదు.

అయిదు. కూజాను శుభ్రం చేసి టీకి మాలిమి చేసే పద్ధతి నేను ఎవరి దగ్గరా దాచలేదు. ఇకముందు కూడా దాచకూడదు. కింద రాసింది నకలు తీసి, అడిగినవాళ్ళందరికీ ఇవ్వాలి.

పని పోయాక నేను సముద్రపు నాచు ఆరబెట్టే షెడ్డులో చేరాను. పొద్దున నాచు పరిచి ఇంటికొచ్చి, బియ్యం కడిగిన నీళ్ళతో చేతుల ఉప్పు వాసన పోగొట్టుకుని, అప్పుడు కూజా ముట్టుకునేదాన్ని. గిన్నె అడుగున తడిగుడ్డ పరిచి, కూజాను, మూతను విడిగా పెట్టి, చన్నీళ్ళు నిండా పోసి, సన్నని సెగ మీద మెల్లగా వేడెక్కనివ్వాలి. వేడి నీళ్ళలో చల్లని కూజా వెయ్యకూడదు. పగులుతుంది. మరిగాక ఆ నీళ్ళలోనే చల్లారనిచ్చి, నీళ్ళు పారబోసి, పొద్దుటెండలో పెట్టాలి. మర్నాడు మళ్ళీ. వేసవి అంతా ఇదే చేశాను. బ్లీచింగ్ కంపు రోజుకింత తగ్గుతూ వచ్చింది, కానీ పోలేదు.

సెప్టెంబరులో ఒక గురువారం పెరటి గుమ్మం దగ్గర చిగుసా నిలబడి ఉంది. ఏడో నెల కడుపు. చేతిలో టీ పొట్లం.

"సుమియెగారూ, ఆ కూజా నేనే పాడుచేశాను. లోపల నల్లగా మరకలు కనిపించాయి. తెల్లగా తోమి పెడితే మామయ్యగారు మెచ్చుకుంటారనుకున్నాను."

నేను లోపలికి రమ్మనలేదు. కూర్చోమని కూడా అనలేదు.

"ఇప్పుడే వెళ్ళి ఆయనకు చెప్పేస్తాను," అంది. "నాకు అన్నం సయించడం లేదు."

"ఇప్పుడు చెబితే నిన్ను నెలలు నిండే వేళకి పుట్టింటికి తోలేస్తాడు. కూజా మాత్రం ఇలాగే కంపు కొడుతుంది. చెప్పడానికే వచ్చావా, పని చెయ్యడానిక్కూడా వచ్చావా?"

"రెంటికీ వచ్చానండి."

"అయితే ఈ మూత పట్టుకో. జారిందంటే ఊరుకోను."

అలా మొదలైంది. ప్రతి గురువారం వచ్చేది. పురిటికి ఒక నెల మానేసింది, తర్వాత పిల్లని వీపున కట్టుకుని వచ్చింది. ఇంట్లో ఏం చెప్పి వచ్చేదో నేను అడగలేదు.

కంపు పోయాక ఆకు వెయ్యాలి. తాగేసిన గ్రీన్ టీ ఆకు గుప్పెడు, గిన్నెలో కూజా మునిగేలా పోసిన మంచినీళ్ళలో వేసి, అరగంట సన్నగా కాగనివ్వాలి. చల్లారేదాకా కదపకూడదు. తీసి, వేణ్ణీళ్ళతో తొలిచి, మూత తీసి నీడన ఆరబెట్టాలి. మూత పెట్టి దాస్తే బూజు పడుతుంది. వేయించిన ఆకు, నల్ల టీ ఆ కూజాలో ఒక్కసారి కూడా పొయ్యకూడదు. రోజూ తాగాక ఆకు అరచేతిలోకి దులిపి, వేణ్ణీళ్ళు పోసి ఊపి పారబోసి, కొమ్ము లోపలి చిల్లుల్ని మెత్తని కుంచెతో బయటి వైపు నుంచి తట్టాలి. వేడి ఉండగానే పాత నూలుగుడ్డతో తుడవాలి. గట్టిగా రుద్దకూడదు. చంటిపిల్లకి ఒళ్ళు తుడిచినట్టు తుడవాలి. ఇంతకు మించి రహస్యం ఏమీ లేదు. రోజూ చెయ్యడమే.

ఆ చలికాలం ఒక పొద్దున మూత తీస్తే కూజాలో ఏ వాసనా లేదు. నేను, చిగుసా మార్చి మార్చి వాసన చూశాం. తర్వాత ఇద్దరం వంటగదిలో కింద కూర్చుని ఏడ్చాం. పిల్ల మమ్మల్ని చూసి నవ్వింది. మూడో ఏడు ఉత్త వేణ్ణీళ్ళు పోస్తే కొత్త టీ వాసన వచ్చింది. అయిదో ఏడు పిడి దగ్గర, బొటనవేలు ఆనే చోట, మొదటి మెరుపు కనబడింది.

ఆరు. 1992 మే నెలలో జరిగింది రాస్తున్నాను. ఇది ఆస్తి కాదు, కానీ నాకున్న వాటిలో దీనికంటే విలువైంది లేదు.

పోటీ రోజు పొద్దున కూజాను గుడ్డలో చుట్టుకుని హాలుకు వెళ్ళాను. ఆ రోజు ముందు గుమ్మంలోంచి వెళ్ళాను. బల్ల దగ్గర ఒగిసో కూర్చుని ఉన్నాడు.

"సుమియెగారూ, పోటీకా? ఆడవాళ్ళు ఇంతవరకూ ఎవరూ పెట్టలేదే."

"మగవాళ్ళే పెట్టాలని రూల్లో ఉందా?"

ఆయన రూలు పుస్తకం ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. "ఊరివాళ్ళెవరైనా అనే ఉంది."

"నాది ఏ ఊరు?"

ఆయన నవ్వు ఆపుకుంటూ చీటీ ఇచ్చాడు. పదిహేడు.

పోటీలో కూజాలు తెర వెనక ఉంటాయి. సంఘం మనుషులు తెర వెనక టీ పోసి, నంబరు వేసిన కప్పులు ముందుకు పంపుతారు. తన కూజా పోయాక గెంజిరో పోటీకి పెట్టడం మానేసి రుచి చూసేవాడు, ఆ ముగ్గురిలో పెద్ద ఆయనే. ఒక్కో కప్పు ఒక్క గుక్క తాగి, కింద పెట్టి, కాగితం మీద రాస్తున్నాడు. పదిహేడో కప్పు తాగి కింద పెట్టలేదు. మళ్ళీ తాగాడు. అప్పుడు తెర వైపు చూసి, "పదిహేడులో చివరి చుక్క మిగిలుంటే అది కూడా పంపండి," అన్నాడు. అన్నేళ్ళలో ఆయన అలా అడగడం ఎవరూ ఎరగరు. చుక్క తెచ్చారు. నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఇదే," అన్నాడు. "నాకు ఒకప్పుడు ఇలాంటి కూజా ఉండేది."

మిగతా ఇద్దరూ కూడా పదిహేడే రాశారు. తెర తీశారు. నా కూజా అక్కడ మెరుస్తూ కూర్చుని ఉంది. ముందుకంటే ముదురు రంగు తేలింది. గెంజిరో లేచి దగ్గరకు వెళ్ళి, దాన్ని ఎత్తి, అడుగు తిప్పి చూశాడు.

"ఇది నాది."

"కాదండి," అన్నాను. "మీ పుస్తకంలోనే ఉంది, చదివించుకోండి."

ఒగిసో ఏడేళ్ళ కిందటి పుస్తకం బీరువాలోంచి తీసి, గొంతు సవరించుకుని, ఇచ్చివేయబడినది అన్న మాట దగ్గర కాస్త ఆగి మరీ చదివాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. గెంజిరో చెవులు ఎర్రబడ్డాయి.

"పూలు పెట్టుకోమన్నారు," అన్నాను. "నేను టీ పెట్టుకున్నాను."

అప్పుడు పళ్ళెం బల్ల మీద పెట్టిన చప్పుడైంది. చిగుసా ముందుకొచ్చింది.

"మామయ్యగారూ, ఆ కూజాకి బ్లీచింగ్ పెట్టింది నేను. సుమియెగారు కాదు. ఆవిడకి ఆ రోజే తెలుసు. ఏడేళ్ళు నా పేరు బయటపెట్టలేదు. గురువారాలు నేను వెళ్ళింది కుట్టుపని నేర్చుకోడానికి కాదు, ఈ కూజా దగ్గరికి."

ఒక్క మాటా మింగకుండా చెప్పింది. ఆమె మొగుడు యసుహికో అక్కడే ఉండి కిటికీలోంచి బయటకు చూశాడు. అందుకే, యసుహికో, నీకు నా కూజా రాదు.

గెంజిరో కూర్చున్నాడు. తర్వాత లేచి, బల్ల చుట్టూ తిరిగి, నా ఎదుటికొచ్చి నిలబడి, నుదురు మోకాళ్ళకు తాకుతుందేమో అన్నంతగా వంగాడు.

"సుమియెగారూ, అందరి ముందూ మీ మీద అబద్ధపు నింద వేశాను. అందరి ముందే చెబుతున్నాను, తప్పు నాది."

పంతొమ్మిదేళ్ళు ఆయన హాలులో పనిచేశాను. సుమియెగారూ అనడం అదే మొదలు.

ఆయన తలెత్తి కోడలి వైపు చూశాడు. "చిగుసా, ఈ కూజాతో అందరికీ టీ పొయ్యి. ఆవిడ ఒప్పుకుంటే."

ఒప్పుకున్నాను. ఏడుసార్లు ఆకు మార్చి, నలభైమందికీ తలా రెండు గుక్కలు పోసింది. ప్రతి కప్పులోనూ చివరి చుక్కదాకా ఆగింది. ఒక్క చుక్క బల్ల మీద పడలేదు. రెండేళ్ళ తర్వాత మా ఊళ్ళో రుచి చూసే బల్ల దగ్గర కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమె. రెండో మనిషిని నేను. నాకే ముందు కబురొచ్చింది, ఆమె తర్వాతే నేను అని చెప్పి పంపాను. గెంజిరో పోయేదాకా ఏటా కొత్త టీ మొదటి పొట్లం స్వయంగా మా మెట్లెక్కి తెచ్చి ఇచ్చాడు. మేం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. తాగేవాళ్ళం.

ఏడు. పైన చెప్పిన ఎర్ర కూజాను, దాని మూతతో, తుడిచే గుడ్డతో సహా, హిరామత్సు చిగుసాకు, ఆమె స్వంతానికి, నా తదనంతరం చెందేలా రాస్తున్నాను. ఆమె భర్తకు గాని, వారి దుకాణానికి గాని దీని మీద ఏ హక్కూ లేదు. అద్దాల బీరువాలో పెట్టకూడదు. రోజూ వాడాలి.

ఈ ఏడో అంశాన్ని కొట్టివేశాను. అడ్డగీత పక్కన నా ముద్ర ఉంది. ఎవరో తర్వాత గీశారనుకోవద్దు. కారణం ఇది.

ఈ వాక్యాలు రాసి కలం కింద పెట్టగానే చిగుసా వచ్చింది. ఈ రోజు గురువారం. ఇప్పుడు ఆమెకూ తల నెరిసింది. సందులో కొన్న చిన్నచేపలు తెచ్చింది. నేను కూజాను తుడిచి ఆమె ఒళ్ళో పెట్టాను.

"ఇదేంటి పిన్నిగారూ, వీలునామాలో రాస్తానన్నారుగా?"

"రాశాను. ఇప్పుడే కొట్టేశాను. చచ్చాక ఇస్తే, తీసుకునేటప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నాకు కనబడదు."

ఆమె మొహం ఎలా ఉందో ఇక్కడ రాయను. అది నాకే ఉండనివ్వండి. ఈ క్షణం నుంచి ఆ కూజా ఆమెది. నా ఆస్తి జాబితాలో అది లేదు. దాని కోసం ఎవరూ నివాగారి గుమ్మం ఎక్కనక్కర్లేదు.

కాసేపయ్యాక అడిగింది: "మరి రేపు పొద్దున మీరు దేంతో తాగుతారు?"

వంటగదిలోకి తీసుకెళ్ళాను. పొయ్యి మీద గిన్నెలో, తడిగుడ్డ మీద, ఆకు నీళ్ళలో చల్లారుతున్న కొత్త కూజా చూపించాను. నిన్ననే కొన్నాను. పచ్చి ఎరుపు, గరుకుగా ఉంది, ఇంకా ఏ వాసనా లేదు.

"దీనికి మెరుపు రావాలంటే..." అని చిగుసా వేళ్ళు మడవబోయి ఆగిపోయింది.

"పదేళ్ళు పడుతుంది," అన్నాను. "నువ్వు మూత పట్టుకో."

ఎనిమిది. ఆ కొత్త కూజాను ఎవరికీ రాయడం లేదు. దానితో నాకు ఇంకా పని ఉంది.

కొత్త చక్రవర్తి రేవా శకం మొదటి సంవత్సరం, అంటే 2019, మే నెల పదహారో తేదీ, గురువారం, తొకోనామెలో నా ఇంట్లో, పగటి వెలుతురులో, కళ్ళజోడు పెట్టుకుని రాసి ముద్ర వేశాను.

(సంతకం, ముద్ర) కునో సుమియె

సాక్షులు:
1. ఇనగాకి మినె, చేపల దుకాణం, వాలు వీధి కింద
2. నిషిఓ కొయిచిరో, విశ్రాంత ఉపాధ్యాయుడు, పక్కిల్లు